లోపలి మడత

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే టైలరమ్మ చేసే మొదటి పని, మిషను మీది ముసుగు తీసి దులపడం. నీలం గళ్ళ గుడ్డతో కుట్టిన ముసుగు అది. ఉతికి ఉతికి నీలమేదో తెలుపేదో తెలియకుండా వెలిసిపోయింది. ఎప్పుడో ఎవరికో చొక్కా కుట్టగా మిగిలిన గుడ్డ అని చెబుతుంది అడిగినవాళ్ళకి. ఎవరికో ఆమెకి బాగానే తెలుసు. కొత్తది కుట్టుకోరాదా అంటే, "ఇంకా చిరగలేదుగా" అంటుంది. దాన్ని మడిచి కిటికీ గట్టు మీద పెట్టి, మిషనుకి రెండు చుక్కల నూనె వేసి, వెనక గదిలో టీ పెట్టుకుంటుంది. ఒక్క కప్పుకి సరిపడా నీళ్ళు. ఆ కొలత ఏళ్ళ తరబడి చెయ్యి తప్పలేదు.

టీ మరిగేలోపు ఆసుపత్రి ఆయా వచ్చిందంటే ఆ రోజు పని ఉన్నట్టు. రాలేదంటే మంచి రోజు. కాన్పుల వార్డులో డ్యూటీ దిగి, చెప్పులీడ్చుకుంటూ వచ్చి, కోటు జేబులోంచి అగ్గిపుల్లకి చుట్టిన తెల్లదారం తీసి బల్ల మీద పెడుతుంది. దారానికి రెండు ముడులుంటాయి. ఒకటి తల, ఇంకోటి కాళ్ళు. పుట్టీ పుట్టకుండానే వెళ్ళిపోయిన బిడ్డ కొలత అది. టేపు పెట్టి కొలవడం రాక కాదు. ఆ చల్లటి ఒంటికి అంకెలు తగిలించడానికి ఆయాకి మనసొప్పదు.

ఆ రోజు కూడా వచ్చింది. దారం బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడింది.

"తొందరా?" అంది టైలరమ్మ.

"తండ్రి మెట్ల మీద కూర్చున్నాడు. తల్లికి నిద్రమందు ఇచ్చారు. నన్ను టీ తాగనివ్వు తల్లీ, కాళ్ళు పీక్కుపోతున్నాయి."

"రంగేమైనా అడిగారా?"

"వాళ్ళెక్కడ అడుగుతారు? నేనే చెబుతున్నా. పసుపు పెట్టు. దానికి జుట్టు ఎంత ఒత్తుగా ఉందనుకున్నావ్, పసుపు మీద నిగనిగలాడుతుంది."

ఆడో మగో టైలరమ్మ ఎప్పుడూ అడగదు. ఆయా చెప్పకుండా ఊరుకోదు. తన ఒక్క కప్పు టీ ఆయా చేతికిచ్చి, టైలరమ్మ పెట్టె తెరిచింది. ఊళ్ళోవాళ్ళు తెచ్చి ఇచ్చిన మంచి బట్టలు అందులో ఉంటాయి. పెళ్ళినాటివి, ఒక్కసారి కట్టి దాచుకున్నవి, తల్లి పోయాక పారెయ్యలేకపోయినవి. పసుపు పట్టు ఒకటి తీసి, దారం పరిచి, రెండు ముక్కలు కత్తిరించింది. ఒకటి బిడ్డతో వెళ్ళే పొత్తిగుడ్డ. రెండోది అచ్చం అలాంటిదే, తల్లి దగ్గర ఉండేది. కొలత దారాన్ని తల్లి గుడ్డ అంచులో పెట్టి కుట్టేసింది. ఈ పనికి మిషను తొక్కదు, ఆ చప్పుడు ఎందుకో సరిగ్గా ఉండదనిపిస్తుంది. చేత్తోనే, నలక్కంటే చిన్న కుట్లతో కుడుతుంది. చివరికి తల్లి గుడ్డ అడుగు అంచుని వేలెడు లోపలికి మడిచి, వదులుగా టాకాలు వేసింది.

ఆ మడత సంగతి చెప్పాలి. పిల్లల బట్టలు కుట్టే ఎవరైనా లోపల కాస్త మడత వదులుతారు. పిల్లలు ఎదుగుతారు కదా, పొట్టి కాగానే కుట్టు విప్పుకుంటే ఇంకో ఏడాది వస్తుందని. టైలరమ్మ మొట్టమొదటి పొత్తిగుడ్డ కుట్టిన రోజున మనసు మనసులో లేదు. చెయ్యి తన అలవాటు ప్రకారం తను మడత వదిలేసింది. ఇస్త్రీ చేస్తుంటే గానీ చూసుకోలేదు. ఎదగని బిడ్డకి ఎదుగుదల మడత! తల బాదుకుంది. విప్పుదామంటే ఆయా గుమ్మంలో నిలబడి తొందరపెడుతోంది. ఏడుస్తూ అలాగే ఇచ్చి పంపింది.

ఏడాది తిరిగేసరికి ఆ గుడ్డ తల్లి, పళ్ళు అమ్ముకునే మనిషి, నెత్తిమీది గంప దించి గుమ్మంలో నిలబడింది.

"టైలరమ్మా, వీడి గుడ్డ చాలట్లేదమ్మా. కుట్లు తెగేలా ఉన్నాయి."

చూస్తే నిజమే. మడత తనంతట తను విచ్చుకుని, గుడ్డ జానెడు పెరిగింది. లోపల మళ్ళీ వేలెడు మడత తయారుగా ఉంది. అంచు కుట్టు ఒక్కటే పాత కొలతలో ఉండి గుడ్డని పట్టి లాగుతోంది. చేసేదేముంది? పాత కుట్టు విప్పి, కొత్త అంచు వేసి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. "వచ్చే ఏడు తీసుకురా," అంది.

అప్పట్నుంచి ఆమె కుట్టిన పొత్తిగుడ్డలన్నీ పెరుగుతూనే ఉన్నాయి. వింతగా ఉందే అని ఎవరూ అనలేదు. పిల్లలున్న ఇళ్ళలో బట్టలు పొట్టి అవుతాయి, ఈ ఇళ్ళలో పొడుగవుతాయి, అంతే. ఏడాదికోసారి తల్లులూ తండ్రులూ గుడ్డ చంకన పెట్టుకుని వస్తారు. కొట్టు ముందు పొడుగాటి బెంచీ ఉంది. దాని మీద వరసగా కూర్చుని, బడి గేటు దగ్గర కూర్చున్నవాళ్ళలాగే కబుర్లు చెప్పుకుంటారు.

"మావాడు పోయినేడంతా పెరగలేదండీ, బెంగపడిపోయాను. ఈ ఏడు చూడండి, ఒక్కసారిగా తాటిచెట్టైపోయాడు," అంటాడు బస్సు డ్రైవరు గుడ్డ విప్పి చూపిస్తూ.

"పదమూడో ఏడు కదూ? మగపిల్లలంతే," అంటుంది బడి పంతులమ్మ. "మాది చూడు, నాలుగేళ్ళు దాటినా పిడికెడే. మా అత్తగారి పోలిక."

"పొట్టిదైతేనేం, చక్కగా ఉంటుందిలే."

"ఆ, అత్తగారు వింటే సంబరపడుతుంది."

నవ్వుకుంటారు. మధ్యలో ఎవరో ఒకరు నవ్వలేక గుడ్డలో మొహం దాచుకుంటారు. పక్కవాళ్ళు కాస్త జరిగి, చోటిచ్చి, మాట మార్చకుండా ఊరుకుంటారు.

ఆ కబుర్లన్నీ టైలరమ్మ తలొంచుకుని వింటుంది. సూది నోట్లో పెట్టుకుని ఊఁ కొడుతుంది. బెంచీకి ఇవతలే ఆమె కుర్చీ. అవతల ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక కొట్టు బోసిగా ఉంటుంది. నేలమీది దారప్పోగులు ఊడ్చుకుంటూ, మా పిల్ల, మావాడు అని వాళ్ళన్న మాటల్ని పెదాలతో అనుకుని చూస్తుంది. తనకి వాటిలో ఏ మాట నప్పుతుందో ఆమెకి తెలియదు.

ఎందుకంటే ఆమెకి చెప్పలేదు. పెళ్ళయిన మూడో ఏట ఆమెకి నెలలు నిండాయి. కాన్పు సమయానికి ఒళ్ళు తెలియని జ్వరం. మెలకువ వచ్చేసరికి కడుపు ఖాళీ. మంచం పక్కన భర్త ఉత్త బనీనుతో కూర్చుని ఉన్నాడు. వార్డు నిండా జనం.

"చొక్కా ఏదీ? నలుగురూ చూస్తున్నారు," అంది ముందుగా. అదేమి ప్రశ్నో, ఆ క్షణాన నోటికి అదే వచ్చింది. అతను మాట్లాడలేదు. తర్వాత, "బిడ్డ ఏదీ?" అంది. దానికీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాకా మాట్లాడలేదు. ఆమె అడగడం మానేసింది. ఆ తర్వాత ఏదీ అడగడం మానేసింది. ఒకే ఇంట్లో ఇద్దరు మూగవాళ్ళు ఎన్నాళ్ళుంటారు? అతను మూడు వీధుల అవతల ఫోటో ఫ్రేములు కట్టే కొట్టు పెట్టుకుని, దాని వెనకే ఉండిపోయాడు. విడాకులూ లేవు, కాపురమూ లేదు. దారిలో ఎదురైతే ఎవరో ఒకరు ఆ పక్కకి దాటేస్తారు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ వీధులు దాటుతూనే ఉన్నారు.

పసుపు గుడ్డ పట్టుకుని ఆయా వెళ్ళాక, మధ్యాహ్నం పళ్ళామె వచ్చింది. ఇప్పుడామె జుట్టు ముగ్గుబుట్ట. భుజాల చుట్టూ కొడుకు గుడ్డ కప్పుకుని ఉంది. అది పెరిగి పెరిగి నిండైన దుప్పటై, ఇక ఆగిపోయింది. తెల్లారగట్ల మార్కెట్లో చలికి అదే కప్పుకుంటుంది.

"పని లేకపోయినా వచ్చేశా," అంది బెంచీ మీద కూర్చుంటూ. "వీడికిక కుట్లు అక్కర్లేదు, పెద్దాడైపోయాడు. ఏం తోచట్లేదు నాకు. అవునే, ఎన్నాళ్ళనుంచో అడుగుదామనుకుంటున్నా. నీది ఎక్కడుంది?"

"నాదేంటి?"

"నీ గుడ్డ. నీ బిడ్డది."

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. టైలరమ్మ సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టి, మిషను సొరుగు లాగింది. అడుగున ఒక పొత్తిగుడ్డ. అరచేతుల్లో పట్టేంత. మంచి గుడ్డే, మంచి కుట్టే. మడతా ఉంది. బిర్రుగా, వేసినది వేసినట్టే ఉంది.

"చేతి అంచనాతో కుట్టాను. పెరగలేదు. విప్పి మళ్ళీ కుట్టాను. ఎన్నిసార్లో కుట్టాను."

"కొలత లేకుండానా?" పళ్ళామె బుగ్గలు నొక్కుకుంది. "కొలత లేనిదే కత్తెర ముట్టనని మమ్మల్ని అల్లాడిస్తావే! నీకు నువ్వు అంచనాతో కుట్టుకుంటే అది మాత్రం ఎలా పెరుగుతుంది? కొలత ఎవరి దగ్గరుంది?"

"ఎత్తుకున్నది ఆయనొక్కడే."

"అయితే అడుగు."

"ఆయనతో మాట్లాడి ఒక జన్మయింది."

"మాట్లాడమని ఎవరన్నారు? కొలత ఇమ్మనమన్నా." గంప ఎత్తుకోబోయి ఆగింది. "ఇంకో సంగతి. కొట్టు ఖాళీ చేస్తున్నాడు. వాళ్ళక్క దగ్గరికి, ఎక్కడో దూరాన ఉందిగా, అక్కడికి పోతున్నాడట. రేపు పొద్దున్నే వ్యాను వస్తుందట. నా దగ్గరే దారికి అరటిపళ్ళు కొన్నాడు."

ఆమె వెళ్ళాక టైలరమ్మ పని ముందేసుకుంది. ఎవరిదో పాంటుకి కాలు పొట్టి చెయ్యాలి. చేసింది. చూస్తే రెండోసారి అదే కాలు పొట్టి చేసింది. ఎప్పుడూ జరగని పని. కత్తెర కింద పెట్టేసింది. ఆయన వెళ్ళిపోతే కొలత కూడా వెళ్ళిపోతుంది. ఇక ఆ సొరుగులోది అలా పెరగకుండా, పోయినట్టు కూడా కాకుండా, తను పోయేదాకా అక్కడే పడి ఉంటుంది. తెల్లదారం ఉండ జేబులో వేసుకుని లేచింది.

ఫ్రేముల కొట్టులో గోడలు బోసిగా ఉన్నాయి. ఫ్రేములుండే చోట్లు మాత్రం తెల్లగా, చదరంగా మిగిలాయి. అతను నేలమీద కూర్చుని అద్దం పలకల్ని పాత పేపర్లలో చుడుతున్నాడు. తల ఎత్తకుండానే, "కొట్టు మూసేశామండీ," అన్నాడు. తర్వాత చెప్పులు చూశాడు. తర్వాత మొహం చూశాడు.

"కొలత కావాలి," అంది టైలరమ్మ.

దేని కొలత అని అతను అడగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఊరందరికీ కుడుతున్నావని వింటూనే ఉన్నాను. మనకి కుట్టలేదా?"

"కొలత లేకుండా ఎలా కుట్టను? మీరేమైనా చెప్పారా?"

"నువ్వేమైనా అడిగావా?"

"ఆసుపత్రిలో అడిగాను."

అతను కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "అప్పుడు చెప్పొద్దన్నారు. మా అమ్మ వద్దంది, మీ అమ్మ వద్దంది, పెద్ద డాక్టరు కూడా వద్దన్నాడు. చూపిస్తే మర్చిపోదు, చెబితే బతకదు అన్నారు. అందరూ పెద్దవాళ్ళు. నాకు ఇరవయ్యేడేళ్ళు. నువ్వు కూడా పోతావేమోనని భయపడి నోరు కుట్టేసుకున్నాను. తర్వాత విప్పుదామంటే రాలేదు."

"చెప్పకపోతే మర్చిపోయానా?" అంది. "చెప్పకపోతే బతికానా?"

 అతను ఒళ్ళోని పేపర్లు ఒకసారి సర్ది, మళ్ళీ సర్దాడు.

"పాప," అన్నాడు అతను.

టైలరమ్మ చేత్తో వెనక్కి తడుముకుంది. పక్కనున్న చెక్కపెట్టె మీద కూర్చుంది. ఇన్నేళ్ళుగా బిడ్డ, బిడ్డ అని తప్ప అనుకోలేకపోయింది. పాప. రెండక్షరాలు ఇవ్వడానికి ఈ మనిషికి సగం ఆయుష్షు పట్టింది. అతని మీద కోపం గొంతుదాకా వచ్చింది. అదే గొంతులో ఆ మాట తియ్యగా కూడా తగిలింది.

అతను ఎడమ చేతి చొక్కా మడత పైకి తోసుకుని, చెయ్యి చాపాడు. ఎముకలు తేలిన చెయ్యి, దాని మీద నెరిసిన రోమాలు.

"తల ఇక్కడ." మోచేతి మడతలో వేలు పెట్టి చూపించాడు. "పాదాలు ఇదిగో, ఇక్కడిదాకా." మణికట్టు దాటి, వేళ్ళ కొసలదాకా. "మెట్లు దిగి గేటుదాకా, గేటు నుంచి మట్టిదాకా ఈ చేతి మీదే ఉంది. వేళ్ళు నీవే. పొడుగ్గా. నా చొక్కా బొత్తాం మీద పెట్టి చూశాను, పట్టుకుంటుందేమో అని."

ఆమె దారం తీసి అతని మోచెయ్యి దగ్గర్నుంచి వేళ్ళ కొసలదాకా లాగింది. ముడి వెయ్యబోతే దారం జారిపోతోంది. అతను తన వేలు దారం మీద ఒత్తిపెట్టాడు, కాపురం కొత్తలో మూటలు కట్టేటప్పుడు పెట్టినట్టే. ముడి బిగిసింది. రెండోది కూడా.

లేచింది. గుమ్మం దగ్గర ఆగి, తన వృత్తిలో అడగాల్సిన చివరి మాట అడిగింది. "దేంట్లో చుట్టారు?"

"వాళ్ళు పేపరు ఇచ్చారు." తన ఒళ్ళో ఉన్న పాత పేపర్లు పక్కకి నెట్టేశాడు. "నాకు మనసు రాలేదు. చొక్కా విప్పి అందులో చుట్టాను. నువ్వు కుట్టి ఇచ్చినదే. నీలం గళ్ళది."

టైలరమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళ ముందు ఆ వార్డు, ఆ బనీను, నలుగురూ చూస్తున్నారని తను అన్న మాట. ఎవరెవరి బిడ్డలకో గుడ్డ కప్పుతూ, తన బిడ్డ మాత్రం ఉత్త ఒంటితో వెళ్ళిపోయిందని రోజూ కుమిలింది. కప్పుకునే వెళ్ళింది. తన చేతి కుట్టే కప్పుకుని వెళ్ళింది. అక్కడే, నడివీధికి వినబడేలా, వెక్కి వెక్కి ఏడ్చింది. అతను దగ్గరికి రాబోయి, రావచ్చో లేదో తెలియక, అద్దం పలక పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కొట్టుకి తిరిగొచ్చి మిషను ముసుగు బల్ల మీద పరిచింది. దారం పెట్టి గీత గీసింది. ఇన్నాళ్ళూ చిరగలేదుగా అంటూ దాచిన గుడ్డ మీద కత్తెర ఆపి ఆపి నడిపింది. ఒక్క ముక్కే కత్తిరించింది. రెండోది ఎప్పుడో పాపతో వెళ్ళిపోయింది కదా. దారం అంచులో పెట్టి కుట్టింది. అడుగు అంచు వేలెడు లోపలికి మడిచింది. ఈసారి చెయ్యి అలవాటు కొద్దీ కాదు, కావాలనే మడిచింది.

తెల్లవారి లేచి చూసింది. మడత విచ్చుకుంది. ఎంతో కాదు, గోరు మందాన. గళ్ళలో ఒక గీత కొత్తగా బయటపడి ఉంది. ఆ గీత మాత్రం వెలవని నీలం.

టీ పెట్టుకోకుండానే బయల్దేరింది. ఫ్రేముల కొట్టు ముందు వ్యాను సగం నిండింది. డ్రైవరు అద్దాల పెట్టెని ఎత్తి పెడుతూ నడుం పట్టుకుని సణుగుతున్నాడు. టైలరమ్మ గుడ్డ చాపి, బొటనవేలితో ఆ నీలం గీత చూపించింది. ఫ్రేములాయన కళ్ళజోడు పైకి నెట్టుకుని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈపాటికి ఇరవై దాటి ఉండాలి కదే," అన్నాడు.

"కొలత నిన్ననేగా ఇచ్చారు. నిన్నట్నుంచే పెరుగుతుంది."

"అయితే పెద్దదవ్వాలంటే?"

"అందరి పిల్లలకీ ఎన్నేళ్ళో అన్నేళ్ళు."

అతను వేళ్ళమీద తన వయసు లెక్కేసుకున్నట్టున్నాడు, పెదాలు కదిలాయి. వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"దించెయ్యి బాబూ," అన్నాడు డ్రైవరుతో.

"ఏంటి సార్ దించేది?"

"అన్నీ."

"ఎక్కించేముందు అనుకోవాలండీ ఇలాంటివి!" అన్నాడు డ్రైవరు. కానీ ఆమె చేతిలో గుడ్డ చూసి ఇంకేం అనకుండా తాడు విప్పాడు. వాళ్ళింట్లో కూడా ఒకటి ఉంది మరి.

మళ్ళీ కాపురం పెట్టారా అని వీధిలో ఆరా తీశారు. పెట్టలేదు. అన్నేళ్ళ ఒంటరితనం ఒక్క గుడ్డతో తీరేది కాదు, ఇద్దరికీ దాంట్లో ఉండటమే అలవాటు. వారానికోసారి అతను వస్తాడు. గుడ్డ చూస్తాడు. ఏం మాట్లాడాలో తెలియక గోడకి మేకులు సరిచేస్తాడు. ముసుగు లేకుండా మిషను దుమ్ము కొట్టుకుపోతోందని, మిగిలిన ఫ్రేము చెక్కతో అద్దాల మూత చేసి తెచ్చాడు. అతను వచ్చిన రోజు టైలరమ్మ రెండు కప్పులకి నీళ్ళు పెడుతుంది. చెయ్యి తప్పి ప్రతిసారీ పొంగించుకుంటుంది.

ఏడాది తిరిగింది. బెంచీ నిండా జనం ఉన్న ఒక పొద్దున టైలరమ్మ నీలం గళ్ళ గుడ్డ చంకన పెట్టుకుని, కుర్చీలోంచి లేచి, బల్లని చుట్టి అవతలికి వచ్చింది. పళ్ళామె పంతులమ్మని మోచేత్తో పొడిచింది. ఇద్దరూ జరిగారు. టైలరమ్మ వాళ్ళ మధ్యన కూర్చుంది. కుట్టేవాళ్ళెవరూ లేకుండా కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఏదీ, ఎంతైంది మీ పిల్ల?" అంది పళ్ళామె.

టైలరమ్మ గుడ్డ విప్పి ఒళ్ళో పరుచుకుంది.  ఇన్నేళ్ళు విన్న మాటలే, అన్నీ నోటికి వచ్చు. అయినా మొదలుపెట్టడానికి కాస్త సమయం పట్టింది.

"ఏం చెప్పమంటావు," అంది, "నిన్న వేసిన కుట్టు ఇవాళ్టికి చాలనివ్వదు. మా పిల్ల అంతా వాళ్ళ నాన్న పోలిక, పొడుగు..."

ఆ రోజు వచ్చినవాళ్ళకి గుడ్డలు మధ్యాహ్నం దాటినా కుట్టడం కాలేదు. టైలరమ్మ ఇంకా చెబుతూనే ఉంది.